కల్పితలోకములలో యుగాంతము – దేవతా పునరాగమనము

కథను వినువాడు వేరు, కథలో నివసించువాడు వేరు. ప్రబంధమును చదువు పాఠకుడు పుస్తకము మూసి లేచిపోవును. కారెంపూడిలో వీరుల ఆయుధమును భుజమున మోయువాడు, చిందుమేళములో ఎల్లమ్మ వేషము కట్టునది, ఆ వేషమునకు మ్రొక్కి కానుక నిచ్చు గృహస్థు – వీరట్లు లేచిపోజాలరు. ఆ కథ వారి ఊరిది. అందు జరిగిన చావు వారి యింటి చావు. ఇట్లు శ్రోతయు పాత్రధారియు ఒక్కడేయైన కథాలోకములో సర్వమును తలక్రిందులు చేయు మహాసంఘటన తటస్థించినపుడు ఏమి జరుగును? వెడలిపోయిన దేవత మరలివచ్చినచో, ఆ నడుమ జరిగిన నష్టముల లెక్క ఏమగును? ఈ వ్యాసమున మేము పరిశీలింపదలచినది ఇదియే.

ఈ ప్రశ్న మాకు తోచుటకు కారణము మన వాఙ్మయము కాదు. మా విద్యార్థులలో కొందరు 'రోల్ ప్లేయింగ్ గేమ్' అను పాశ్చాత్యక్రీడను ఆడుచున్నారు. దానిని మేము మొదట బాలక్రీడగా ఉపేక్షించితిమి. వారు తెచ్చి చూపిన గ్రంథములను తిరుగవేసిన పిమ్మట మా అభిప్రాయమును మార్చుకొనవలసివచ్చినది. నలుగురైదుగురు బల్ల చుట్టు కూర్చుందురు. ఒక్కడు నిర్వాహకుడై లోకమును, దేవతలను, శత్రువులను నడపును. తక్కినవారు ఒక్కొక్క పాత్రను ధరించి తమ పాత్ర ఏమి చేయునో చెప్పుచుందురు. సందేహము కలిగినచోట పాచికలు తీర్పు చెప్పును. 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అను అమెరికనులు వెలువరించిన 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' ఈ జాతికి ఆద్యము. ఆటకు వలయు లోకములను – దేశపటములు, రాజవంశములు, దేవతాగణములు, సంవత్సరగణనతో సహా – ప్రచురణకర్తలు అచ్చువేసి అమ్ముదురు. ఆ లోకములలో ఆటగాండ్రు ఏండ్ల తరబడి కాపురముందురు.

వానిలో మిక్కిలి ప్రచారము గలది ఎడ్ గ్రీన్‌వుడ్ సృష్టించిన 'ఫర్‌గాటెన్ రెల్మ్స్'. ఇది 1987లో వెలువడినది. రెండేండ్లకే, 1989లో, ఆట నియమావళికి రెండవ కూర్పు వచ్చినది. నియమములు మారినపుడు లోకము మారకున్న పొసగదు. కావున దేవతలందరును శిక్షితులై భూమిపైకి త్రోయబడిరని కథ కల్పించిరి. బేన్, భాల్, మిర్కుల్ అను మువ్వురు దుష్టదేవతలు హతులైరి. మిడ్‌నైట్, సిరిక్ అను మర్త్యులు దైవపదము నందిరి. క్రొత్త నియమావళిలో హంతకవృత్తి లేదు. అందుచే ఆ లోకమునందలి హంతకులందరును ఒక్కసారిగ చచ్చిరని వ్రాసిరి. వ్యాకరణసూత్రము మారినదని వీధిలో మనుష్యులను చంపినట్లున్నది! ఇంత నిర్మొగమాటమైన యుగాంతమును మేము వేరెచ్చటను చూడలేదు.

తరువాతి కథ ఇంకను చిత్రమైనది. 2008లో నాలుగవ కూర్పుతోపాటు మంత్రాధిదేవత మిస్ట్రా హత్యకు గురియయ్యెను. ఆమె మరణమువలన ఒక మహోపద్రవము పుట్టి లోకమును చీల్చెను. కథాకాలము దాదాపు నూరేండ్లు ముందునకు దుముకెను. ఆటగాండ్రకు పరిచితులైన మనుష్యులలో దీర్ఘాయువులు తప్ప తక్కినవారు కాలగర్భమున కలిసిరి. 2014లో అయిదవ కూర్పు వచ్చునప్పటికి మిస్ట్రా ఉన్నది. బేన్, భాల్, మిర్కుల్ ఉన్నారు. వీరి పునరాగమనమునకు కథలో చెప్పిన కారణములు ఏవైనను, అసలు కారణము పాతలోకమును ప్రేమించిన కొనుగోలుదారుల అభిరుచియేయని మాకు తోచుచున్నది.

ఇందలి దోషము లోకము మారుట కాదు. మారని లోకము చచ్చిన లోకమే. దేవతలు తిరిగివచ్చుటయు దోషము కాదు. మార్పునకు మూల్యమును ఆ లోకమున నివసించువారు చెల్లించిరి. మార్పు చేసినవారు చెల్లింపలేదు. దేవత తిరిగిరాగానే ఆ చెల్లించిన మూల్యము సయితము రద్దయినది. 1989లో భాలు మరణించెనని నమ్మి తమ కథను నడపుకొన్నవారికి 2014లో ఎవరు సమాధానము చెప్పుదురు? ఏ బల్ల చుట్టు కూర్చుండినవారు ఆ బల్లకు స్వతంత్రులు గనుక, అచ్చుపుస్తకమును త్రోసిపుచ్చవచ్చునను వాదము కలదు. అది సత్యమే. అయినను త్రోసిపుచ్చవలసివచ్చుటయే లోపమునకు సాక్ష్యము.

ఇక మన నేలకు వత్తము. ఇబ్రహీంపట్నము పెద్దచెరువు ఇబ్రహీం కుతుబ్‌షా ఏలుబడినాటిదని ప్రతీతి (ఆ రాజు ఏలినది 1550 మొదలు 1580 వరకు). మన కవులకు అతడు మల్కిభరాముడు. అద్దంకి గంగాధరకవి 'తపతీసంవరణోపాఖ్యానము'నకు కృతిభర్త. యౌవనమున విజయనగరమున ఆశ్రయము పొందినవాడు, 1565లో అదే విజయనగరముపై కత్తి దూసినవారిలో నొకడు. ఒక యుగమును ముగించిన చేతుల పేర నిలిచిన ఊరి కట్టపై నిలిచి యుగాంతమును గూర్చి ఆలోచించుట అనుచితము కాదు. మెట్టనేలల రైతునకు చెరువు తెగుటకంటె వేరు ప్రళయము లేదు. తెలంగాణమున కట్టలపై వెలయు మైసమ్మ ఆ ప్రళయమునకే కావలి.

కట్టలమీద వినవచ్చు కథారీతి యొకటి కలదు. ఊరు మారినచో చెరువు పేరు మారును, కథ మారదు. వాన కుండపోతగా కురియుచున్న రాత్రి కావలివానికి ఒక స్త్రీ కనబడి, తాను కట్టను తెంపుకొని పోవుచున్నానని చెప్పును. అతడు, 'అమ్మా, దొరకు చెప్పి వచ్చెదను. నేను తిరిగి వచ్చువరకు కదలనని మాట యిమ్ము' అని వేడును. ఆమె మాట యిచ్చును. అతడు పోయి విషయము నివేదించి, తాను తిరిగిపోవనినాళ్లే చెరువు నిలుచునని గ్రహించి, తన తల నిచ్చివేయును. దేవత నేటికిని వేచియున్నది.

దీనిని మేము పలుమారులు తరగతిలో చెప్పితిమి గాని దీని నిర్మాణమును ఇటీవలనే గమనించితిమి. ఇందు ప్రళయము జరుగలేదు, తప్పిపోవనును లేదు. వాయిదా పడినది. దేవత వెడలిపోలేదు; వెడలుటకు లేచి నిలిచి ఆగినది. ఆమెను ఆపినది మంత్రము కాదు, పూజ కాదు. తిరిగిరాని ఒక మనుష్యుడు. దేవతాపునరాగమనమును గూర్చి వెదకుచు మేము మనుష్యుని అపునరాగమనమును కనుగొంటిమి. ఈ కావలివాడు ఒకవేళ సజీవుడై తిరిగివచ్చెనని ఎవరేని కథ పొడిగించినచో, ఆ క్షణమున కట్ట తెగవలెను. కథకుని చేతిని కట్టివేయు కట్టడి యిది. ఎంత చమత్కారియైన కథకుడును ఈ మృతుని బ్రతికింపజాలడు; బ్రతికించిన ఊరు మునుగును. బుక్కరాయసముద్రపు చెరువునకు ఆత్మార్పణ మొనర్చిన కోడలి కథను కట్టమంచి రామలింగారెడ్డి 1899లో 'ముసలమ్మ మరణము'గా రచించినపుడు విమర్శకులు అందలి కరుణమునే మెచ్చిరి. అందును ఈ కట్టడియే ఉన్నది: ఆమె రాదు గనుక నీరు నిలుచును.

పల్నాటి వీరగాథ ఇంతకంటె జటిలమైన సాక్ష్యము. పండ్రెండవ శతాబ్ది చివరిభాగమున కారెంపూడి కడ జరిగిన యుద్ధము ఆ సీమను మార్చివేసినది. శ్రీనాథుని పేర వెలయు ద్విపదను అక్కిరాజు ఉమాకాంతము 1911లో ప్రకటించిన నాటినుండి మనము ఈ కథను కావ్యముగా చదువ నలవాటుపడితిమి. మౌఖికరూపమును అలిసెట్టి గాలెయ్య పాడగా జీన్ రోఘెయిర్ సేకరించి 1982లో ఆంగ్లమున గ్రంథరూపమున ప్రకటించెను. ఈ రెండింటికిని వెలుపల మూడవ రూపమొకటి కలదు. అది నాగులేటి యొడ్డున ఏటేట జరుగు వీరారాధన. కార్తికమాసాంతపు అమావాస్యతో ఆరంభమై అయిదు దినములు సాగును. వీరవిద్యావంతులు పాడుదురు. వీరాచారపరులు వీరుల ఆయుధములైన కొణతములతో వత్తురు. ఆ దినముల పేర్లు వరుసగా రాచగావు, రాయబారము, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు.

ఈ వరుసను పరిశోధకవిద్యార్థులు మరల నొకమారు చదువవలెనని కోరుచున్నాము. కథలో కోడిపోరు ముందు. అందోడి మాచర్లవారు వనవాసమునకు పోయిరి. ఆలమందలపై దాడి, మందపోరు, ఆ వనవాసమునాటివి. ఆ పిమ్మట అలరాజు రాయబారియై పోయి విషప్రయోగముచే మరణించెను. తరువాతనే యుద్ధము. ఉత్సవములో రాయబారము రెండవనాడు, కోడిపోరు నాలుగవనాడు! అనగా రాయబారి చావునకు పోయిన రెండునాళ్లకు ఆ చావునకు మూలమైన పందెము జరుగుచున్నది. దీనిని గ్రామీణుల మతిమరపుగా త్రోసివేయువారు కలరు. శతాబ్దులుగా కథను కంఠస్థము చేసినవారికి కథాక్రమము తెలియదనుట మాకు సమ్మతము కాదు. కథలో నివసించువానికి ముందువెనుకలు వినువానికి వలె ఉండవని మా తలంపు. కోడి ఓడునని అందరెరుగుదురు; రాయబారి రాడనియు ఎరుగుదురు. ఎరిగియు కోడిని విడుచుటలోనే ఆ దినపు బరువంతయు ఉన్నది. పాచికలు దొర్లించి ఫలము మార్చుకొనవచ్చునను పాశ్చాత్యక్రీడకును దీనికిని గల భేద మిచ్చట స్ఫుటమగుచున్నది. కారెంపూడిలో పాత్రధారికి ఫలమును మార్చు స్వేచ్ఛ లేదు. ఫలమును మరల భరించు అధికారము మాత్రమే కలదు.

మార్పు ఏమియు జరుగలేదా? జరిగినది. మందపోరునాడు అన్ని కులములవారును ఒక్కచోట భుజించు చాపకూడు కలదు. బ్రహ్మనాయుడు ప్రవర్తింపజేసెనని చెప్పబడు ఆ సహపంక్తిభోజనము యుద్ధమున గెలువలేదు, ఓడలేదు, ఉత్సవమున నిలిచినది. బ్రహ్మనాయుని విష్ణ్వంశసంభూతునిగా కొలుతురు గదా, ఆయన గతి ఏమి? గెలిచియు నలగామునికే రాజ్యము నప్పగించి గుత్తికొండ బిలములో ప్రవేశించెనని ప్రతీతి. బాలచంద్రుడు మొదలగు వీరులు చచ్చిరి. దైవాంశ గలవాడు చావక కనుమరుగయ్యెను. కాని ఆ బిలమునుండి ఆయన వెలువడి బాలచంద్రుని బ్రతికించునని ఏ గాయకుడును పాడగా మేము వినలేదు. ఏటేట తిరిగివచ్చునది మృతవీరులే; తిరిగివచ్చియు వారు మృతులే. అందుచేతనే కల్లిపాడున ఆ అయిదవనాడు వచ్చు నిశ్శబ్దమునకు అర్థ మున్నది.

చచ్చినవారు బ్రతికిన కథ మన జానపదమున లేదా యని ఎవరేని అడుగవచ్చును. ఉన్నది. చిందుభాగవతులు ఆడు ఎల్లమ్మ కథలో పరశురాముడు తండ్రి యాజ్ఞచే తల్లి తల నరుకును. అడ్డు వచ్చిన మాతంగి తలయు తెగును. వరముచే ఇరువురును లేతురు. కాని తలలు తారుమారగును. తెలంగాణమున వినవచ్చు పాఠములలో ఇది ప్రసిద్ధము. ఆ పునర్జీవనమును మేము మిక్కిలి విలువైనదిగా ఎంచుచున్నాము. కథ చావును రద్దుచేయలేదు, చావుకు గుర్తు పెట్టినది. తిరిగివచ్చిన దేవత పూర్వదేవత కాదు. ఆమె శిరస్సొకరిది, దేహమొకరిది. కులముల నడుమ గీచిన గీత ఆమె మెడపై నిలిచినది. ఈ కథ నాడు కళాకారులు సమాజమున ఏ తావున నుంచబడిరో ఎరిగినవారికి ఇది ఊరక చెప్పిన చమత్కారము కాదని వేరుగ చెప్పనక్కరలేదు. 2005లో దివంగతురాలైన చిందుల ఎల్లమ్మ వేషము కట్టి రంగమునకు వచ్చినపుడు ప్రేక్షకులు నటిని చూచిరా, దేవతను చూచిరా? మ్రొక్కిన చేతులు ఆ భేదము నెంచలేదు. వేషము విప్పిన పిమ్మట అదే ఊరు ఆమె జాతివారి నెట్లు చూచెనో, అది వేరొక అధ్యాయము.

శిష్టపురాణములోను ఇట్టి గుర్తు కలదు. మన్మథుడు రతి కొరకు మరల లేచెను. కాని అనంగుడై లేచెను.

మేడారపు జాతర పునరాగమనమునకు కాలపరిమితి విధించినది. రెండేండ్లకొకసారి, మాఘమాసమున, సారలమ్మ కన్నెపల్లినుండియు, సమ్మక్క చిలకలగుట్టనుండియు గద్దెలకు వత్తురు. నాలుగునాళ్ల పండుగ ముగియగానే వనప్రవేశము. కాకతీయ సైన్యముతో పోరి గాయపడిన సమ్మక్క గుట్టవైపు పోయి అదృశ్యురాలయ్యెననియు, వెదకినవారికి కుంకుమభరిణె మాత్రము దొరకెననియు కథ. కుమారుడు జంపన్న పడిన వాగు జంపన్నవాగుగనే నేటికిని పారుచున్నది. భక్తులు ముందుగ అందు స్నానము చేసి పిదప గద్దెలకు పోవుదురు. తల్లి తిరిగివచ్చినను వాగు పేరు మారదు. ఆమె రాకవలన ఓటమి గెలుపు కాలేదు. ఏ రాజ్యమును కూలలేదు. ఆమె వచ్చినది తన ఓటమిలోనికే. సమ్మక్క గుట్ట దిగునపుడు పోలీసు అధికారులు గాలిలోనికి తుపాకులు కాల్చి స్వాగతము పలుకు ఆచారము కలదు. రాజసైన్యముచే నేలకొరిగినదానికి ప్రభుత్వపు తుపాకీ వందనము! ఏ కథకుడును దీనిని రచింపలేదు. రచించియుండినచో అతిశయోక్తి యని మేమే తప్పుపట్టియుందుము.

కాలజ్ఞానపు మార్గము వేరు. పోతులూరి వీరబ్రహ్మము వీరభోగవసంతరాయలుగా తిరిగివత్తునని చెప్పి కందిమల్లాయపల్లెలో సజీవసమాధి నందెను. ఇందు యుగాంతము భవిష్యత్తునకు త్రోయబడినది. సూచనలు మాత్రము వర్తమానమున కురియుచుండును. ప్రతి తరమును తన కాలపు వింతను ఆ తత్త్వములలో గుర్తించుచున్నది, ప్రతి తరమును ఒకటి రెండు తానును చేర్చుచున్నది. పాఠపరిష్కర్తకు ఇది తలనొప్పి. కథాలోకపు దృష్టితో చూచిన, వినువారిని లోపలికి తీసికొను వాకిలి యిదియే. కాని కథగా దీనికి బలహీనత లేకపోలేదు. రాబోవువాడు ఎంత గొప్పవాడైనను రానంతవరకు ఖర్చు లేనివాడు. ఈ మధ్య 2024లో విడుదలయిన నాగ్ అశ్విన్ చలనచిత్రము 'కల్కి 2898 ఏడీ' ఈ సౌకర్యమునే వాడుకొన్నది. కురుక్షేత్రమునుండి ఆరువేల యేండ్లు కాచుకొన్న అశ్వత్థామ యున్నాడు, శిథిలమైన లోకమున్నది, గర్భస్థుడైన దేవుడున్నాడు. చిత్రము ముగియునప్పటికి జననము కాలేదు. అందు మేము మెచ్చుకొన్నది దేవుని గాదు. శాపము తీరక పుండు మానక తిరుగు ఆ వృద్ధుని.

మా వాదమునకు ఎదురునిలుచు సాక్ష్యమును దాచుట న్యాయము కాదు. వాల్మీకి యుద్ధకాండమున రావణవధానంతరము రాముడు కోరగా ఇంద్రుడు మృతులైన వానరులను లేపును. వారు నిద్రనుండి లేచినట్లు లేతురు. ఏ గుర్తును లేదు, ఏ మూల్యమును లేదు. పైన ఫర్‌గాటెన్ రెల్మ్స్‌పై మేము మోపిన నేరము ఆదికావ్యమునకును తగులుచున్నదా? తగులుచున్నదనియే ఒప్పుకొనుచున్నాము, ఒక్క విశేషముతో. అచ్చట విజయము రాజుది. చచ్చినవారు అతని సేన. తన కొరకు చచ్చినవారి ఋణము ఉండరాదని రాజు కోరుట రాజధర్మము. వానరుల ఇండ్లలో కూర్చుండి ఆ కథను పాడినవారెవరేని ఉండినచో, ఆ ఘట్టము వేరుగ నుండెడిదేమో.

పాశ్చాత్యక్రీడలన్నియు ఒక్క త్రాసున తూగవనుటకును ఒక సాక్ష్యము చూపవలెను. గ్రెగ్ స్టఫర్డ్ సృష్టించిన 'గ్లొరాంత' 1975లో ఒక పటక్రీడగా, 1978లో 'రూన్‌క్వెస్ట్' అను పాత్రధారణక్రీడకు నెలవుగా వెలువడినది. అందు ఝంఝాదేవుడు ఓర్లాంతు సూర్యదేవుడు యెల్మును చంపెను. లోకము చీకటియై నాశనోన్ముఖమయ్యెను. చంపినవాడే పాతాళమునకు పోయి సమాధానపడి సూర్యుని వెనుకకు తెచ్చెను. ఆనాటినుండి కాలము పుట్టినది. కాని తిరిగివచ్చిన సూర్యుడు ప్రతి సాయంకాలమును మరల పాతాళమునకు దిగవలసినదే. దేవతలును ఆ ఒడంబడికచే కట్టుబడిరి. కాలములోనికి స్వేచ్ఛగా రాజాలరు. మనుష్యులు ఆ గాథలను ఆచారముగ నటించి దేవతల త్రోవలో నడచి బలము తెచ్చుకొందురు. ఈ లోకమును కల్పించినవాడు కారెంపూడిని చూచియుండలేదు. చూచిన కారెంపూడివారికి ఇది తెలియనిదిగా తోచదు.

కందిమల్లాయపల్లె కథలో ఇంకొక్క విషయము మిగిలినది. సమాధిలో ప్రవేశించునపుడు స్వామి భార్య గోవిందమ్మతో, తాను మరణించుట లేదు గనుక వైధవ్యచిహ్నములను ధరింపవలదని చెప్పెనని చరిత్రకారులు చెప్పుదురు. శిష్యుడు సిద్ధయ్యకు పాదుకలు, దండము మొదలగునవి దక్కినవి. సంతానమునకు మఠము దక్కినది. లోకమునకు కాలజ్ఞానము దక్కినది. గోవిందమ్మకు దక్కినది ఆ మాట. రాబోవు దేవుని కథకు ఖర్చు లేదని పైన మేమంటిమి. ఆ మాటను ఇచ్చట సవరించుకొనుచున్నాము. పసుపుకుంకుమలతో, మూసిన సమాధికి ఎదురుగ, తన శేషజీవితమును గడపిన ఆ యిల్లాలిని కాలజ్ఞానవాఙ్మయమున ప్రధానపాత్రగా నెంచి పరిశోధించిన గ్రంథము మాకింకను కనబడలేదు.